కాన్పు గదిలో కొట్టడం, పొట్ట నొక్కడం మామూలేనా? రెండో కాన్పుకు ఏం జాగ్రత్త పడాలి?

మీ చెల్లెలి తొలి కాన్పులో తొడల మీద కొట్టారని, పొట్ట మీద బరువేసి నొక్కారని, మత్తివ్వకుండానే కుట్లు వేశారని రాశారు. ఈసారీ ప్రభుత్వాసుపత్రికే వెళ్తున్నాం, ఏం చేయాలని అడిగారు. లేబర్ రూమ్ పని తెలిసినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: అందులో ఏ ఒక్కటీ వైద్యం కాదు.

‘నాలుగు తగిలిస్తేనే ముక్కుతుంది’ అనే మాట పాతవాళ్ల నుంచి కొత్తవాళ్లకు అంటుకుంటూ వస్తోంది. ఒక్క నర్సు మూడు నాలుగు టేబుళ్లు చూడాల్సిన రాత్రుల్లో అది ఇంకా ఎక్కువ. నిజానికి భయపడితే ఒళ్లు బిగుసుకుపోతుంది, నొప్పులు మందగిస్తాయి, కాన్పు ఇంకా ఆలస్యమవుతుంది.

పొట్ట పైభాగాన్ని మోచేత్తో నొక్కి బిడ్డను కిందికి తోయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. గర్భసంచి చిరగొచ్చు, చిరుగు మలద్వారం దాకా పోవచ్చు, బిడ్డకు దెబ్బ తగలొచ్చు. బిడ్డ దిగకపోతే దారి వ్యాక్యూమో (తలకు కప్పు బిగించి బయటికి లాగడం), ఆపరేషనో. అయితే రెండు సందర్భాల్లో చెయ్యి వేస్తే అడ్డుపడకండి. తల వచ్చాక భుజం ఇరుక్కుంటే పొత్తికడుపు అడుగున, ఎముకకు కాస్త పైన నొక్కుతారు. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడేలా పొట్ట రుద్దుతారు. నొప్పిగానే ఉంటుంది, కానీ రక్తస్రావం ఆపడానికి అది కావాలి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తొడకు వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ కూడా అందుకే.

బిడ్డ వచ్చే దారి వెడల్పు చేయడానికి పెట్టే కోత అందరికీ అక్కర్లేదు, తొలిచూలైనా సరే. కోసినా, చిరిగినా కుట్టేముందు ఆ చోటు మొద్దుబారే మత్తుసూది, లిగ్నోకైన్ ఇవ్వాలి. ఇచ్చి కనీసం రెండు నిమిషాలు ఆగి, ఫోర్‌సెప్స్‌తో (పట్టకారుతో) గిల్లి చూడాలి. తెలుస్తోందంటే ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే: మందిచ్చిన మరుక్షణం సూది గుచ్చుతారు, ‘మత్తిచ్చాంగా’ అంటారు. ‘ఇంకా తెలుస్తోంది, ఆగండి’ అనమని మీ చెల్లెలికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది తోడు మనిషి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పుకు తోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది, లేబర్ రూముల నాణ్యత పెంచడానికి 2017లో మొదలైన కేంద్ర ‘లక్ష్య’ కార్యక్రమంలోనూ అది ఉంది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయితే మేలు. తెరలు, చాటు ఉన్నచోట భర్తనూ రానివ్వొచ్చు. నొప్పులు మొదలయ్యాక గుమ్మం దగ్గర వాదిస్తే పని జరగదు. తొమ్మిదో నెల చెకప్‌లోనే డాక్టరమ్మతోనో హెడ్ నర్సుతోనో ‘మా అమ్మ లోపల ఉంటుంది’ అని మాట్లాడుకోండి. ఆ మనిషికి జలుబు, దగ్గు లాంటివి ఉండకూడదు, ఉతికిన బట్టలతో రావాలి, మధ్యలో బయటికీ లోపలికీ తిరగకూడదు. నడుము రుద్దడం, మంచినీళ్లు తాగించడం, నడిపించడం ఆవిడ పని. ఇబ్బందులేమీ లేని కాన్పులో నీళ్లు, తేలికపాటి తిండి మానక్కర్లేదు. వెల్లకిలా పడుకునే ఉండాలన్న నియమమూ లేదు, పక్కకు తిరిగి పడుకోవచ్చు.

లోపల పరీక్ష మామూలుగా నాలుగు గంటలకోసారి చాలు. చేసే ప్రతిసారీ ముందు చెప్పాలి, తెర వేయాలి. విద్యార్థులు వరసగా చేస్తామంటే వద్దనే హక్కు ఆమెది. కాన్పయ్యాక మళ్లీ గర్భం రాకుండా లోపల కాపర్-టీ వేయడానికీ ఆమె ఒప్పుకోవాలి. నొప్పుల్లో ఉన్నప్పుడు అడిగి పెట్టించిన సంతకాన్ని ఒప్పుకోలు అనలేం. ఆ సంగతి ముందే తేల్చుకుని చెకప్ కార్డు మీద రాయించండి.

‘మగపిల్లాడు, ఇంతివ్వు’ అని ఆయమ్మ అడిగినా పైసా ఇవ్వక్కర్లేదు. 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కింద కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, తిండి, ఇంటికి వాహనం అన్నీ ఉచితం.

మళ్లీ అలాగే జరిగితే తేదీ, డ్యూటీ వేళ, ఎవరేం చేశారన్నది ఆ రోజే రాసి పెట్టుకోండి. సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే జిల్లా వైద్యాధికారికి, ఆపైన సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇవ్వండి. కేస్ షీట్ నకలు కూడా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. మత్తు ఇచ్చారా, కోత ఎందుకు పెట్టారు అన్నవి అందులోనే ఉండాలి.