ఈథర్‌లోకి నేరుగా ఫ్లోరిన్ పంపితే మండిపోదా?

నల్లగొండలో ఎంఎస్సీ చదువుతున్న మీ సందేహం సరైనదే. జాగ్రత్త తీసుకోకపోతే తప్పకుండా మండుతుంది. ఒక్కో హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ చేరినప్పుడు మోల్‌కు సుమారు 430 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. కార్బన్-కార్బన్ బంధం తెగడానికి దాదాపు 350 చాలు. ఆ వేడి వెంటనే బయటికి పోకపోతే అణువే ముక్కలవుతుంది.

అందుకే రసాయన శాస్త్రవేత్తలు లాగోవ్, మార్‌గ్రేవ్ 1970 ప్రాంతంలో రూపొందించిన పద్ధతిలో ఫ్లోరిన్‌ను హీలియంతో బాగా పలుచన చేసి, చల్లగా ఉంచిన పాత్రలో మొదలుపెట్టి, గాఢతను చాలా నెమ్మదిగా పెంచుతారు. అణువులో ఫ్లోరిన్లు పెరిగేకొద్దీ అది మరింత గాఢమైన వాయువును తట్టుకుంటుంది.

ఈథర్ల (రెండు కార్బన్ల మధ్య ఆక్సిజన్ ఉన్న సమ్మేళనాల) విషయంలో అసలు చిక్కు వేరే ఉంది. ఈ చర్యలో ఉప ఉత్పన్నంగా వచ్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఆమ్లం, కార్బన్-ఆక్సిజన్ బంధాన్ని తెంచుతుంది. పాత్రలో సోడియం ఫ్లోరైడ్ ఉంచితే అది ఆ ఆమ్లాన్ని పట్టేస్తుంది. చాలామంది తేలిగ్గా తీసుకునే ఈ చిన్న ఏర్పాటు నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. ఇలా పాలీఈథర్ల (ఈథర్ బంధాలు వరుసగా ఉన్న పొడవాటి అణువుల) నుంచి, హైడ్రోజన్లన్నిటి స్థానంలో ఫ్లోరిన్లున్న పర్‌ఫ్లోరోపాలీఈథర్లు తయారవుతాయి. ఆ కోవ నూనెలను వాక్యూమ్ పంపుల్లో కందెనగా వాడతారు.

మన జిల్లా బోరు నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్ అయాన్. దానికి ఈ దూకుడు లేదు. ఫ్లోరిన్ వాయువుకు నికెల్ లేదా మోనెల్ (నికెల్-రాగి మిశ్రమలోహం) పాత్రలు, శిక్షణ పొందిన మనుషులు కావాలి. కళాశాల ప్రయోగశాలలో దయచేసి ప్రయత్నించకండి.