ఫ్రాన్స్ నుంచి చీజ్, వెన్న తెప్పించే చిన్న షాపుకి బ్రిటన్ సరిహద్దు తనిఖీలు నిజంగా అంత భారమా?

లండన్‌లో చిన్న షాపు పెట్టి ఫ్రాన్స్ నుంచి చీజ్, వెన్న నేరుగా తెప్పించుకుందామనుకుంటున్నా, ఈ తనిఖీల వల్ల అంత ఇబ్బందా అని అడిగారు కదండీ. మేం ఇక్కడ ఇంగ్లండ్‌లో అలాంటి షాపే నడుపుతున్నాం. ఇబ్బందే, అదీ పెద్దవాళ్ల కన్నా మనలాంటివాళ్లకే ఎక్కువ.

2024 జనవరి 31 నుంచి ఈయూ పాల సరుకులకి అక్కడి వెటర్నరీ డాక్టరు సంతకంతో హెల్త్ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. ఏప్రిల్ 30 నుంచి సరుకు ఆపి చూడటం, దాంతోపాటే కామన్ యూజర్ చార్జ్, అంటే సరిహద్దు తనిఖీ కేంద్రాల ఖర్చు కోసం వసూలు చేసే రుసుము, మొదలయ్యాయి. డోవర్ రేవు మీదుగానో సముద్రం కింది రైలు సొరంగం యూరోటన్నెల్ మీదుగానో వస్తే లారీని ఆపినా ఆపకపోయినా ఆ చార్జ్ కట్టాల్సిందే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అది బరువును బట్టి కాదు, రకాన్ని బట్టి వేస్తారు, మన సరుకులో ఒక్కో రకానికి 29 పౌండ్లు, ఒక డిక్లరేషన్‌కి, అంటే ఒక సరుకు వివరాల పత్రానికి, ఎక్కువలో ఎక్కువ 145. లారీ నిండా ఒకే రకం చీజ్ తెచ్చే పెద్ద కంపెనీకి 29తో సరిపోతుంది, మనం ఒక్క ప్యాలెట్‌లో (సరుకు పేర్చి పంపే చెక్క పలక) తాజా చీజ్, బ్లూ చీజ్, గట్టి చీజ్, వెన్న, పెరుగు తలా కొంచెం పెట్టించుకుంటే మొత్తం 145 పడుతుంది. ఆ ప్యాలెట్‌లో 60 కిలోలుంటే కిలోకి రెండు పౌండ్ల పైమాటే, డాక్టరు ఫీజు, కస్టమ్స్ ఏజెంటు ఫీజు ఇంకా కలపనే లేదు.

అంతకన్నా టెన్షన్ పెట్టేది టైమ్. మన చిన్న ఆర్డర్లు పదిమంది సరుకుతో కలిసి ఒకే లారీలో వస్తాయి, వాళ్లలో ఒకరి కాగితం తేడా వస్తే అందరిదీ ఆగుతుంది. ఒకసారి ఎవరిదో సర్టిఫికెట్‌లో డాక్టరు సంతకం అచ్చుతో కలిసిపోయే నల్ల ఇంకుతో ఉందని, అది వేరే రంగులో ఉండాలని, లారీని సెవింగ్టన్ సరిహద్దు తనిఖీ కేంద్రంలో ఆపేశారు. మాకు చేరేసరికి మెత్తటి చీజ్ పెట్టెల అడుగు తడిసి ఊడిపోతోంది, అమ్ముకోవాల్సిన తేదీ నెత్తి మీదికొచ్చింది, సగం ధరకి వదిలించుకున్నాం. ఆ నష్టం ఎవరూ ఇవ్వరు. మాకు ఏళ్లుగా పంపిన ఒక చిన్న కుటుంబమైతే ఇంత తక్కువ సరుకు కోసం ప్రతిసారీ డాక్టర్ని పిలిపించలేమని మానేసింది. వాళ్ల తప్పేం లేదు, కానీ ఆ రుచి ఇక్కడ మళ్లీ దొరకలేదు.

అందుకే మొదట రకాలు తగ్గించుకోండి. నిల్వ ఉండే గట్టి చీజ్ మాత్రం నేరుగా తెప్పించుకుని, త్వరగా పాడయ్యేవి ఇక్కడి హోల్‌సేలర్ దగ్గర కొనండి, లాభం తగ్గినా నిద్ర పడుతుంది. 2025 మేలో బ్రిటన్, ఈయూ ఆహార తనిఖీల మీద ఒప్పందం చేసుకుందామని అంగీకరించాయి, అది అమల్లోకొస్తే ఈ కాగితాలు చాలావరకు పోతాయి. అయినా ఆ నమ్మకంతో లీజు తీసుకోకండి, ఇప్పటి ఖర్చులతోనే లెక్క వేయండి. మొదటి ఆర్డరుకి ముందే ఏజెంటుతో అన్నీ రాయించుకోండి, ముఖ్యంగా లారీ ఆగితే కోల్డ్ స్టోరేజీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో.