ఇంట్లో విసుగనిపించిన ‘ఇరేజర్‌హెడ్’ను థియేటర్లో చూడవచ్చా?

అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ తీసిన ‘ఇరేజర్‌హెడ్’ (1977) సినిమాను ల్యాప్‌టాప్‌లో సగం చూసి ఆపేశానని, థియేటర్లో మళ్ళీ వేస్తున్న ఆటకు టికెట్ కొనడం దండగేమోనని మీరు అడిగారు. నా మటుకు నేను వెళ్ళమనే చెబుతాను. ఆ చిత్రానికి ప్రాణం కథలో కన్నా శబ్దంలో ఉంది. లించ్, శబ్ద రూపకర్త అలన్ స్ప్లెట్ కలిసి రూపొందించిన యంత్రాల హోరు దాదాపు ఎడతెగకుండా వినిపిస్తూనే ఉంటుంది కాని, అందులోని మంద్రధ్వనులను ల్యాప్‌టాప్ స్పీకర్లు పలికించలేవు. పైగా ఆ నలుపు తెలుపు దృశ్యాల్లో చీకటి పాలే ఎక్కువ కనుక, గదిలో కాస్త వెలుతురున్నా వివరాలు కనబడవు.

అసలు ఇటువంటి చిత్రాలు బతికి బట్టకట్టిందే అర్ధరాత్రి ఆటలతో. 1970 డిసెంబరులో న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్ ‘ఎల్ టోపో’ అనే చిత్రంతో ఊపు తెచ్చిన ఆ ఒరవడిలోనే ‘ఇరేజర్‌హెడ్’ కూడా తన ప్రేక్షకులను సంపాదించుకుంది.

వెళ్ళే ముందు విశ్లేషణలు చదవకండి. ప్రతి దృశ్యానికీ అర్థం వెతకకుండా, పీడకలను కన్నట్లుగా చూడండి. విందు దృశ్యంలో చుట్టుపక్కల వారు నవ్వితే నొచ్చుకోనక్కరలేదు, అక్కడ హాస్యం నిజంగానే ఉంది. వికృత రూపంతో ఉన్న శిశువు కనిపించే ఘట్టాలు మాత్రం కొందరికి భరించరానివిగా ఉంటాయి కాబట్టి, లేచి వెళ్ళడానికి వీలుగా నడవ పక్క సీటు తీసుకోండి.