పాఠకుల ప్రశ్నలు: లెవ్‌స్కీ తేదీల చిక్కు, పట్టుబడ్డ తీరు

ప్రశ్న: తుర్కుల పాలనపై పోరాడిన బల్గేరియా విప్లవకారుడు వసిల్ లెవ్‌స్కీని ఉరితీసిన తేదీ ఒకచోట ఫిబ్రవరి 6, ఇంకోచోట 18, మరోచోట 19 అని ఉంది. ఏది నిజం?

జవాబు: సంవత్సరం 1873, ఊరు సోఫియా. అప్పట్లో బల్గేరియన్లు పాటించింది జూలియన్ అనే పాత క్యాలెండరు. అందులో అది ఫిబ్రవరి 6. 19వ శతాబ్దపు తేదీని ఇప్పటి లెక్కలోకి మార్చాలంటే 12 రోజులు కలపాలి, అంటే 18. ఇరవయ్యో శతాబ్దానికైతే 13 కలపాలి. ఆ 13నే దీనికీ కలిపేయడంతో 19 వచ్చింది. బల్గేరియాలో ఇప్పటికీ 19నే స్మరించుకుంటారు. మీరు రాసేటప్పుడు 18 అనే రాయండి.

ప్రశ్న: లెవ్‌స్కీ అంత గుట్టుగా నడిపిన విప్లవ సంస్థ ఎలా బయటపడింది?

జవాబు: డబ్బు దగ్గర. 1867లో పనయోత్ హితోవ్ సాయుధ దళంలో లెవ్‌స్కీ జెండా మోశాడు. బయటి నుంచి దళాలు వచ్చినంత మాత్రాన జనం లేవరని అక్కడే తెలిసొచ్చింది. అందుకే ఊరూరా తిరిగి రహస్య కమిటీలు పెట్టాడు. కేంద్రం లోవెచ్ పట్టణం. మారుపేర్లు, సొంత రహస్య తపాలా, ద్రోహికి మరణశిక్ష అనే నియమం. ఖర్చులు రాసుకున్న జేబు పుస్తకం ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు సన్యాసం తీసుకుని చర్చిలో డీకన్‌గా (పూజారి కింది స్థాయి సేవకుడిగా) ఉన్నవాడు కదా, పద్దుల్లోనూ నిష్ఠే!

ఆయుధాలకు చందాలు చాలలేదు. 1872లో సహచరుడు దిమితర్ ఒబ్ష్తి, లెవ్‌స్కీకి ఇష్టం లేకపోయినా, అరబకొనాక్ కనుమలో తుర్కుల ఖజానా బండిని దోచాడు. దొరికాక, ఇది దొంగతనం కాదు, రాజకీయమని చూపాలని కమిటీల గుట్టు విప్పాడు. ఒబ్ష్తిలా ఊళ్ల మధ్య తిరిగేవాడికి చాలా పేర్లు తెలిసి ఉంటాయి. ఆ అల్లికలో అదే పలచని చోటు.

బుకారెస్ట్‌లో ఉన్న బల్గేరియా విప్లవ నాయకుడు కరవెలోవ్ వెంటనే తిరుగుబాటు మొదలుపెట్టమన్నాడు. జనం ఇంకా సిద్ధంగా లేరని లెవ్‌స్కీ ఒప్పుకోలేదు. కమిటీ కాగితాలు తీసుకోవడానికి లోవెచ్ వెళ్లి, డిసెంబరు చివర (ఇది పాత లెక్క) కక్రినా సత్రం దగ్గర పట్టుబడ్డాడు. పట్టించింది లోవెచ్ కమిటీలోని మతగురువు ఫాదర్ క్రస్ట్యో అని జనం అంటారు గానీ, దానిపై చరిత్రకారుల్లో వాదన తెగలేదు. ఒబ్ష్తి వాంగ్మూలం సంగతి అలా కాదు, అది విచారణ రికార్డుల్లోనే ఉంది.