పదిహేనేళ్లు నిండుతున్న కారు రిజిస్ట్రేషన్‌ను ఎలా పొడిగించుకోవాలి?

వరంగల్‌లో 2011లో ‘ఏపీ 36’ సిరీస్‌తో నమోదైన సొంత కారు గురించి అడిగారు. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీలో నెగ్గితే ఒక్కో విడతకు ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకుముందు 600 రూపాయలుగా ఉన్న కారు రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000కు పెంచారు, 20 ఏళ్లు దాటిన కార్లకైతే 2025 ఆగస్టులో 10,000 చేశారు. స్మార్ట్ కార్డు ఖర్చు, హరిత పన్ను వేరు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున అదనం పడుతుంది కాబట్టి, కారు మూలన పడి ఉన్నా సరే, వాయిదా వేయడం నష్టమే.

తనిఖీకి బండిని తప్పనిసరిగా తీసుకెళ్లాలి. బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులో ఉన్నాయో లేదో చూసుకోవడంతో పాటు, చాసిస్ నంబరు మీద పేరుకున్న మట్టిని, తుప్పును ముందే గుడ్డతో తుడిచి, అంకెలు స్పష్టంగా కనిపించేలా ఉంచండి. ఆర్సీలోని నంబరుతో దాన్ని పోల్చి చూస్తారు.

నంబరు మారుతుందన్న భయం అక్కర్లేదు. 2024 మార్చిలో తెలంగాణ వాహన నంబర్లకు వచ్చిన ‘టీజీ’ సిరీస్ కొత్తగా నమోదయ్యే వాహనాలకే వర్తిస్తుంది.