కొండ మీద గడ్డి వాసన బాగుంది సార్, ఆయిల్ తీద్దామా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది పద్మనాభం మండలం. మూడెకరాలు ఎర్ర గరప నేల, బోరు ఉంది గానీ ఏప్రిల్ వచ్చేసరికి గంట కూడా పొయ్యదు. ఎకరంన్నరలో రెండేళ్ళ జీడితోట, మిగతాది ఖాళీ. మా ఊరి పక్క కొండ మీద నిమ్మకాయ వాసనొచ్చే గడ్డి ఉంటాది, నలిపితే చెయ్యంతా వాసనే. మా బావమరిది పాడేరు వైపు నుంచి వస దుంపలు కూడా తెస్తానంటున్నాడు. ఇవి రెండూ వేసి ఆయిల్ తీయిస్తే మంచి డబ్బులంట. ఈలోపు ఒకాయన వచ్చి మొక్కలు మేమే ఇస్తాం, ఎకరాకి 150 కేజీల ఆయిల్ వస్తాది, మేమే కొనేస్తాం, ముందు మొక్కల డబ్బు కట్టండి అని కాగితం చూపించాడు. కట్టమంటారా? కొండ మీద గడ్డే పీకి తెచ్చి నాటుకుంటే ఆ ఖర్చు కూడా ఉండదు కదా? ఏటి చెయ్యమంటారు?

జవాబు: నమస్తే అండి. ముందైతే ఆ డబ్బు కట్టకండి, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఆ 150 కేజీల లెక్క ఎక్కడిదో నాకు అర్థమైంది. నిమ్మగడ్డికి పుస్తకాల్లో ఉండేది హెక్టారుకి, అంటే రెండున్నర ఎకరాలకి, 100 నుంచి 150 కేజీలని, అదీ నీళ్ళు ఉన్న చోట. హెక్టారు తీసేసి ఎకరం అని రాస్తే కాగితం అందంగా కనిపిస్తుంది, అంతే. మీరే వేసి చూడండి. పచ్చిగడ్డి 100 కేజీలు ఉడికిస్తే అర కేజీ నుంచి ముప్పావు కేజీ ఆయిల్ దిగుతుంది, మధ్యలో 0.6 అనుకుందాం, అంటే టన్నుకి 6 కేజీలు. 150 కేజీలు రావాలంటే ఏడాదికి ఎకరంలో 25 టన్నుల గడ్డి కోయాలి. గరప నేలలో, ఏప్రిల్‌కి చేతులెత్తేసే బోరుతో అది ఎవరి వల్లా కాదు. మంచి రకం వేసి తడులిచ్చి మూడు నాలుగు కోతలు తీసుకున్న రైతుకి రెండో ఏడాది నుంచి ఎకరానికి 40 నుంచి 60 కేజీలు వస్తే పంట బాగా పండినట్టే. మొదటి ఏడాది ఇంకా తక్కువ. మీది దాదాపు వర్షాధారమే కాబట్టి ఆ 40కి కిందే లెక్క పెట్టుకోండి, ఎక్కువొస్తే సంతోషం.

ఇక మీ కొండ గడ్డి. వాసన బాగుందంటే నేను నమ్ముతాను, కానీ కొనేవాళ్ళు ముక్కుతో కొనరండి. శాంపిల్ తీసుకుని జీసీ టెస్ట్ (ఆయిల్‌లో ఏ పదార్థం ఎంతుందో చెప్పే గ్యాస్ క్రోమటోగ్రఫీ) చేయిస్తారు, అందులో నిమ్మ వాసనిచ్చే సిట్రాల్ ఎంతుందో చూసి రేటు చెప్తారు. మంచి నిమ్మగడ్డి ఆయిల్‌లో సిట్రాల్ 75 శాతానికి పైనే ఉంటుంది. కొండ మీద గడ్డిలో అంత ఉండొచ్చు, సగమే ఉండొచ్చు, అసలు అది నిమ్మగడ్డే కాకపోవచ్చు కూడా, ఎందుకంటే ఆ జాతిలో వాసనొచ్చే గడ్డులు చాలా ఉన్నాయి, పూత లేనప్పుడు మాకే పోల్చుకోవడం కష్టం. దీనికి పామరోజా అనే ఇంకో వాసన గడ్డి మంచి ఉదాహరణ. అడవిలో పామరోజా రెండు రకాలు పెరుగుతుంది, మోతియా, సోఫియా అంటారు. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. మోతియా ఆయిల్‌లో గులాబీ వాసనిచ్చే జిరానియాల్ 75 నుంచి 90 శాతం దాకా ఉండి సెంట్ల వాళ్ళు ఎగబడి కొంటారు, సోఫియా ఆయిల్‌కి జింజర్ గ్రాస్ ఆయిల్ అని వేరే పేరు, వేరే రేటు, బాగా తక్కువ. లోపల చూస్తే మోతియాకి క్రోమోజోములు 20, సోఫియాకి 40. బయటికి ఏం తెలుస్తుంది చెప్పండి? పది దుబ్బులు పది చోట్ల నుంచి పీకి తెచ్చి నాటారనుకోండి, డబ్బాలో దిగేది పది రకాల కలగూరగంప, టెస్ట్‌లో తేలిపోతుంది. అప్పటికి మీకు రెండేళ్ళు పోయి ఉంటాయి.

ఇంకోటి, ఆ కొండ రిజర్వ్ ఫారెస్ట్ అయితే పర్మిషన్ లేకుండా దుబ్బులు పీకి బండికెత్తడం కేసు అవుతుంది. అదీ కాక వేర్లతో సహా పీకేది మళ్ళీ అక్కడ మొలవదు. మారేడు గడ్డలు, అదే నన్నారి, చూడండి, మన తూర్పు కనుమల్లో షర్బత్‌కని తవ్వి తవ్వి ఇప్పుడు అంతరించే మొక్కల లిస్టులో పడింది. మీకు అంతగా ఆ గడ్డి మీద మనసుంటే పర్మిషన్ అడిగి పైన ఆకు మాత్రం కోసి టెస్ట్‌కి పంపండి, రిజల్ట్ బాగుంటే అప్పుడు చూద్దాం.

వస విషయం. చిన్నప్పుడు మనందరికీ నాలిక మీద రాసిందే, ఎక్కువ మాట్లాడితే వసపిట్ట అని తిట్లు తిన్నదే, అందుకే ఆ పేరు చెప్పగానే అందరికీ నమ్మకం. కానీ మీ పొలానికి అది కుదరదు. వస చిత్తడి మొక్క, వరిమడిలా నీళ్ళు నిలవాలి, గరప నేలలో వేస్తే మొదటి వేసవి దాటదు. ఆయిల్ సంగతి ఇంకా చిక్కు. మన దగ్గర ఎక్కువగా దొరికే వసలో బీటా అసరోన్ అనే పదార్థం చాలా ఎక్కువ, అది ఒంటికి మంచిది కాదని 1968లోనే అమెరికా వాళ్ళు వస ఆయిల్‌ని తినే వాటిలో వాడకూడదని ఆపేశారు. అందుకని ఆయిల్‌కి గిరాకీ తక్కువ, ఎండు దుంపగా మందుల వాళ్ళకి అమ్ముకునే సరుకే అది. ఊట నీళ్ళున్న కొండ లోయ మడి ఉన్నోళ్ళకి పర్లేదు. మీరు వదిలేయండి. (మనవళ్ళకి రాసే అలవాటు ఇంకా ఉంటే ఒకసారి డాక్టర్‌ని అడగండి, ఇది నా సబ్జెక్ట్ కాదు.)

మరి ఏం వేయాలి అంటే మీ నేలకి నిమ్మగడ్డే సరిపోతుంది, కొండది కాదు, తెలిసిన రకం. లక్నోలోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్ళు ఇచ్చిన కృష్ణ, ప్రగతి లాంటివి. వాళ్ళ సెంటర్ ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది. సుగంధ పంటల రైతుల కోసం 2017లో మొదలైన ఆరోమా మిషన్ అనే కేంద్ర కార్యక్రమం కింద ఊళ్ళో నలుగురైదుగురు కలిసి మొక్క అడిగితే వినే అవకాశం ఎక్కువ, ఒక్కరే వెళ్తే తక్కువ.

కానీ నారు కంటే ముందు బట్టీ, అంటే గడ్డిని ఉడికించి ఆయిల్ తీసే యూనిట్, ఎక్కడుందో చూసుకోండి. అనకాపల్లి వైపు చెరకు వేసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, గానుగ ఎవరిది, బెల్లం పొయ్యి ఎక్కడ అని చూసుకున్నాకే గడ నాటుతారు. నిమ్మగడ్డీ అంతే. టన్ను గడ్డిలో ఆయిల్ 6 కేజీలే, మిగతా 994 కేజీలు నీళ్ళూ పీచే. ఆ నీళ్ళూ పీచుని 50 కిలోమీటర్లు ట్రాక్టర్ మీద మోయిస్తే ఆయిల్ డబ్బు డీజిల్‌కే పోతుంది. 15, 20 కిలోమీటర్ల లోపు బట్టీ ఉంటే వేయండి, లేకపోతే మీ చుట్టుపక్కల కనీసం పది మంది కలిసి 500 కేజీలు పట్టే చిన్న యూనిట్ పెట్టుకునేదాకా ఆగండి. మీ ఒక్కరి కోసం యూనిట్ మాత్రం పెట్టకండి, నెలలో నాలుగు రోజులు పనిచేసి మిగతా రోజులు తుప్పు పడుతుంది.

తుప్పు అంటే గుర్తొచ్చింది, నేను ఒక చోట చూశాను, పాత ఇనప డ్రమ్ములు అతికించి బట్టీ కట్టారు, ఆయిల్ నల్లటి డికాషన్ రంగులో దిగింది, మంచి గడ్డి పెట్టి కూడా సగం రేటుకి అమ్ముకున్నారు పాపం. ఇనుము తగిలితే రంగు మారిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ తప్ప వేరేది వద్దు. దిగిన ఆయిల్‌ని ప్లాస్టిక్ క్యాన్లలో పొయ్యకండి, నీరు పూర్తిగా తీసేసి అల్యూమినియం డబ్బాలో మూతి దాకా నింపి చీకట్లో పెట్టండి. గాలీ వెలుతురూ తగిలితే సిట్రాల్ తగ్గిపోతుంది, రేటు పెరిగాక అమ్ముదాంలే అని ఏళ్ళ తరబడి దాచే సరుకు కాదు ఇది.

ఇప్పుడు పని. ఈ సంవత్సరం మూడెకరాలు వద్దండి, 5 సెంట్లు చాలు. రకం తెలిసిన చోట నుంచి 750 పిలకలు తెచ్చి, మొదటి మంచి వాన పడ్డాక నాటండి. ఆకులు జానెడు ఉంచి కోసేసి, పాత వేర్లు కత్తిరించి, మూడు వేళ్ళ లోతులో పెట్టండి, మరీ లోతు పెడితే వానకి కుళ్ళిపోతాయి. సాలుకి సాలుకి 60 సెంటీమీటర్లు, మొక్కకి మొక్కకి 45. ఏడాది తిరిగేసరికి ఒక్కో దుబ్బు విడదీస్తే 40 పిలకల పైనే వస్తాయి, అంటే 30 వేలు. ఎకరాకి ఆ దూరంలో 15 వేల గుంటలు పడతాయి, గుంటకి రెండు పెట్టినా ఎకరం, ఒకటి పెడితే రెండెకరాలు మీ ఇంటి మొక్కతోనే అయిపోతుంది. అందుకే మొక్కల డబ్బు కట్టొద్దన్నాను. పైగా ఈ ఏడాదిలోనే మీ నేలలో అది ఎలా వస్తుంది, వేసవి ఎలా తట్టుకుంటుంది, మీకే తెలిసిపోతుంది.

పొలంలో వేశాక మొదటి కోత నాలుగు నెలలకి, తర్వాత రెండున్నర నెలలకొకసారి, మీకైతే వేసవి మూడు నెలలు కోతే ఉండదు. కొడవలి నేలకి ఆనించకండి, బెత్తెడు పైన కోయండి, కింద కోస్తే ఆయిల్ లేని కాడ బరువు తప్ప ఏం రాదు, దుబ్బు కూడా చస్తుంది. కోశాక ఒక రోజు నీడలో పల్చగా పరిచి వడలనిస్తే బట్టీలో ఎక్కువ గడ్డి పడుతుంది, కట్టెలు కలిసొస్తాయి. కుప్పపోస్తే మాత్రం వేడెక్కి పాడవుతుంది. ముసురులో కోసిన గడ్డికి ఆయిల్ పడిపోతుంది, రెండు రోజులు ఎండ చూసి కోయండి. ప్రతి కోత తర్వాత పదును చూసుకుని ఎకరానికి అర బస్తా యూరియా. ఆకుమచ్చ వస్తే లీటరుకి 3 గ్రాముల మాంకోజెబ్. పశువులు పెద్దగా ముట్టవు. మీ ఎర్ర నేలల్లో చెదలు మాత్రం చూసుకోవాలి. ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు ఉంటుంది.

జీడితోటలో కూడా వేసుకోవచ్చు, చెట్టు చుట్టూ ఒకటిన్నర మీటరు వదిలేసి. కొమ్మలు కలిసి నీడ పడేదాకానే, తర్వాత గడ్డి పల్చబడి ఆయిల్ తగ్గిపోతుంది, దీనికి నిండు ఎండ కావాలి. ఆయిల్ తీసేసిన గడ్డిని మాత్రం బట్టీ దగ్గరే వదిలి రాకండి. కొంత ఎండబెడితే తర్వాత బట్టీకి వంటచెరకు అవుతుంది, మిగతాది తెచ్చి జీడిచెట్ల మొదళ్ళలో మందంగా పరవండి, ఏప్రిల్‌లో మీ బోరు చెయ్యలేని పని అది కొంత చేస్తుంది.