చిల్లు పడిందా, పట్టు సడలిందా?

సందేహం: పిల్లలకు వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్ గురించి ఒక వ్యాసంలో ‘మూత్రపిండం జల్లెడ లాంటిది. ఈ జబ్బులో ఆ జల్లెడకు చిల్లులు పడి ప్రొటీన్లు కారిపోతాయి’ అని చదివాను. జల్లెడ అంటేనే చిల్లులు కదా, మళ్లీ చిల్లులు పడటమేమిటి? ఇక్కడ జల్లెడ అనాలా, వడపోత అనాలా?

సమాధానం: రెండో ప్రశ్నకు జవాబు తేలిక. పొడిగా ఉన్నదాన్ని జల్లిస్తాం, ద్రవాన్ని వడకడతాం. వడియు అంటే చుక్కచుక్కగా దిగడం. వడియగట్టు అన్నదే వాడుకలో వడకట్టు అయింది. నెత్తురులోని నీరు ఒత్తిడికి పొరల గుండా దిగుతుంది కాబట్టి వడపోత అనడమే సబబు. పైగా జల్లెడకు తెలుగులో మరో ఛాయ ఉంది. తూటాలకు ఒళ్లు జల్లెడయిందంటాం. బిడ్డకు జబ్బు చేసి కంగారుపడుతున్నవారి చెవిన ఆ మాట ఎలా పడుతుందో వ్యాసకర్త ఆలోచించినట్టు లేదు.

అసలు చిక్కు ‘చిల్లులు పడి’ అన్న క్రియ దగ్గరుంది. చిల్లు పడిందంటే అప్పటిదాకా చెక్కుచెదరకుండా ఉన్నదానికి కొత్తగా రంధ్రం ఏర్పడిందని అర్థం. ఈ జబ్బులో జరిగేది దాదాపు దానికి విరుద్ధం.

ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల రక్తకేశనాళికా గుచ్ఛాలు, అంటే అతి సన్నని రక్తనాళాల గుత్తులు ఉంటాయి. పెద్దవారిలో వీటి నుంచి రోజుకు 180 లీటర్ల దాకా ద్రవం వడిసి దిగుతుంది. అందులో చాలా భాగాన్ని శరీరం తిరిగి పీల్చుకోగా, మూత్రంగా పోయేది ఒకటి రెండు లీటర్లే. ఇంత నీరు దిగుతున్నా ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మాత్రం దాదాపు పూర్తిగా నెత్తురులోనే నిలిచిపోతుంది. దాన్ని ఆపేవి మూడు పొరలు. మొదటిది రక్తనాళపు లోపలి గోడ. దీనికి పుట్టుకతోనే 60 నుంచి 100 నానోమీటర్ల రంధ్రాలుంటాయి. ఆల్బుమిన్ అడ్డుకొలత 7 నానోమీటర్లే కనుక ఈ రంధ్రాలు దానికి రాజమార్గం. రెండోది కొల్లాజెన్, లామినిన్ వంటి ప్రొటీన్లతో అల్లుకున్న ఆధారపొర. మూడోదే మన కథకు ముఖ్యం. పోడోసైట్లనే కణాలు నాళాన్ని బయటి నుంచి కావలించుకుని ఉంటాయి. వాటి సన్నని పాదాలు ఒక కణానివీ పక్క కణానివీ ఒకదాని సందులో ఒకటి దూరి ఉంటాయి. ఆ పాదాల నడుమ 40 నానోమీటర్ల లోపు సందులుంటాయి. ఒక్కో సందుకు అటు నుంచీ ఇటు నుంచీ వచ్చిన నెఫ్రిన్ అనే ప్రొటీన్ అణువులు మధ్యలో కలిసి పలుచని తెరగా ఏర్పడతాయి.

జబ్బు చేసినప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే రంధ్రాలు పెరిగినట్టు కనబడదు. విడివిడిగా ఉండాల్సిన పాదాలు చదునై, ఒకదానితో ఒకటి కలిసిపోయి, అంతా ఒకే పరుపులా పరుచుకుని ఉంటుంది. సందులు తగ్గాయి, తెరలు చెదిరాయి, ఆల్బుమిన్ మాత్రం పోతూనే ఉంది. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో, జబ్బు చురుగ్గా ఉండి, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడని పిల్లల్లో ఎక్కువమందికి నెఫ్రిన్ మీద దాడి చేసే యాంటీబాడీలు కనిపించాయి. కాబట్టి ఇక్కడ ‘పట్టు సడలింది’ అనడం న్యాయం. ‘వడపోత పొర పట్టు సడలి ప్రొటీన్లు మూత్రంలోకి పోతున్నాయి’ అంటే అర్థానికీ లోటు లేదు, వినేవారికీ భయం లేదు.

అయితే ఈ క్రియను అన్ని మూత్రపిండ జబ్బులకూ తగిలించకూడదు. నెఫ్రిన్ జన్యువులో లోపంతో పుట్టిన శిశువులకు ఆ తెర సరిగా ఏర్పడనే ఏర్పడదు. 1998లో ఆ జన్యువును గుర్తించింది ఫిన్లాండ్‌లో ఎక్కువగా కనిపించే ఇలాంటి జబ్బు ద్వారానే. అక్కడ ‘తెర లోపించింది’ అనాలి. వంశపారంపర్యంగా వచ్చే ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనే జబ్బులో నాలుగో రకం కొల్లాజెన్ లోపంతో ఆధారపొర మొదట పలుచబడి, పోనుపోను పొరలు పొరలుగా విడిపోతుంది. అక్కడ ‘చీలింది’ అన్నా నేను తప్పుపట్టను.

అదే వ్యాసంలో ‘స్వల్ప మార్పు వ్యాధి’ అనే మాట కూడా ఉండి ఉంటే, దాన్నీ అనుమానంగా చూడండి. పిల్లల్లో ఎక్కువగా కనబడే రకానికి ఆ పేరు పెట్టింది, మామూలు మైక్రోస్కోపులో మార్పేమీ పెద్దగా కనబడదు కనుక. స్వల్పం కంటికి కనిపించే మార్పే, జబ్బు కాదు. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బి, మూత్రం నురగ కట్టి, నీరు చేరి బరువు పెరిగిన బిడ్డను చూస్తే స్వల్పమనే మాట నోటికి రాదు. వాపును చూసి బలుపనుకోవడం అనే సామెతకు ఇంతకంటే అక్షరసత్యమైన సందర్భం నాకు తోచదు.

ఇక ‘పునరావృతం’ అనే బరువైన మాటకు బదులు తిరగబెట్టడం అనండి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వేసిన పిల్లల్లో చాలామందికి నాలుగు వారాల్లోపే ప్రొటీన్ పోవడం ఆగుతుంది, పాదాలు మళ్లీ విడివడతాయి. కానీ వారిలో ఎక్కువమందికి ఒక్కసారైనా తిరగబెడుతుంది. అందుకే ఆ దశలో ‘నయమైంది’ అనకుండా ‘తగ్గింది’ అనడం మంచిది. తగ్గింది మళ్లీ రావచ్చన్న జాగ్రత్త తెలుగులో ఆ క్రియలోనే ఉంది.